సున్నం బొట్టు

లాకు తలుపులు కొట్టుకుపోయిన వరదకి పదకొండో ఏడు ఇది జరిగింది. మా కొర్రలంకలో పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ ఆ వరద నుంచే లెక్క.

సముద్రం ముందుకి జరిగి రోడ్లన్నీ ఉప్పునీళ్ళ పాలయ్యాక, పాత కాలవల్లో మళ్ళీ పడవలు తిరిగాయి. ఆ రోజుల్లో నేనూ పెచ్చెట్టి నూకరాజూ తూములపాడు లాకు దగ్గర లస్కర్లం, అంటే లాకు నడిపేవాళ్ళం. ఎత్తు కాలవలోంచి పల్లపు కాలవలోకి పడవల్ని దించే చోటు లాకు. విడతకి నాలుగు పడవలు దిగుతాయి. విడతకి అరగంట పడుతుంది. దిగేవి నాలుగు, వచ్చేవి నలభై. మా ఉద్యోగమంతా ఆ తేడాలోనే ఉండేది.

నూకరాజు వరసలు కట్టేవాడు. సరుకు పడవలు ఒక వరస, మనుషుల పడవలు ఒక వరస, జబ్బు మనుషుల పడవలు ఒక వరస. మొదటి రెండింటిలోంచీ ఒక్కొక్కటి, జబ్బు వరసలోంచి రెండు వదిలేవాడు. ఎంత పెద్ద పడవైనా తన వరసలోనే ఉండాలి. గట్టు మీద నిలబడి, చెయ్యి ఊపుతూ, పడవ నడిపే ప్రతి సరంగునీ పేరు పెట్టి పిలుస్తూ చేసేవాడు. నలుగురికీ కనబడే పని.

నేను అర మైలు ఎగువన, మలుపు దగ్గర ఉండేవాణ్ణి. కాలవ పూర్తిగా నిండాక ఆపితే పడవలన్నీ ఒక్కసారే వెనక్కి పోతాయి. లాకు కాసేపు ఊరికే పడుంటుంది. మళ్ళీ అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి. అందుకని నిండకముందే ఒకటీ అరా తిప్పెయ్యాలి. ఏది తిప్పాలో నేను ఎంచను. ఎంచితే మనవాడూ పైవాడూ అని వస్తుంది. ఐదు గవ్వలు వేసేవాణ్ణి. కాలవ సగం నిండితే, ఐదుకి ఐదూ వెల్లకిలా పడితేనే ఆ పడవ వెనక్కి. ముప్పావు నిండితే, మూడు పడ్డా వెనక్కి. తిప్పిన పడవ ముక్కు మీద, నడుం దగ్గరున్న సున్నపుకాయలోంచి బొటనవేలితో కాస్త సున్నం తీసి బొట్టు పెట్టేవాణ్ణి. బొట్టున్న పడవ మళ్ళీ వస్తే గవ్వలు వెయ్యను, పోనిస్తాను. ఇది ఎవరూ నేర్పింది కాదు. ఒకే సరంగు మొహం ఒకే రోజు రెండుసార్లు చూడలేక పెట్టుకున్న పద్ధతి.

ఆ వరదకి తొమ్మిది లంకల జనం మూడు రోజులు ఆ లాకులోంచి దాటారు. ఎవరినడిగినా మా పడవలో జబ్బు మనిషి ఉన్నాడనేవాళ్ళే. ఒక్క పడవ మునగలేదు. మూడో రోజు సాయంత్రం, ఆఖరి పడవ దిగాక తలుపులు పోయాయి. తర్వాత పదకొండేళ్ళు ఏ మీటింగు పెట్టినా నూకరాజుని పిలిచి ఆ కథ చెప్పించారు. చెప్పి చెప్పి చివర్లో అనేవాడు: "మా బావ కూడా ఉన్నాడండీ, మలుపు దగ్గర."

ఆ 'కూడా' నాకు పదకొండేళ్ళు గుచ్చుకుంది.

తబిత అనే ఇంజనీరమ్మాయి వేసవిలో లంకకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. గట్టు మీద ఊళ్ళో ప్రయోగశాల నడుపుతోంది. నన్ను పిలిపించి, నూకరాజు అరుగు మీద ఇద్దర్నీ కూచోబెట్టింది. నా అరుగు మీద ఎందుకు కాదో నేను అడగలేదు.

"వరదొస్తే లంకలకీ గట్టుకీ మధ్య మిగిలేది ఒక్క సన్నటి దారి తాతగారూ. గాల్లో దారి. ఫోన్లూ, పెద్దవాళ్ళ చేతులకి కట్టే నాడి పట్టీలూ, గట్ల మీద నీటి కొలతలూ అన్నీ అందులోంచే దూరాలి. దారి మొదట్లో ఒక పెట్టె ఉంటుంది. ఏ కబురు ముందు, ఏది వెనక, దేన్ని తిప్పెయ్యాలి, అదే చూసుకోవాలి."

"తిప్పేసిన కబురు ఏవవుద్దమ్మా?" అన్నాడు నూకరాజు.

"పంపిన యంత్రం నాలుగు నిమిషాలాగి మళ్ళీ పంపుతుంది. మళ్ళీ తిప్పేస్తే ఎనిమిది నిమిషాలాగుతుంది. ప్రతిసారీ రెట్టింపు. లేకపోతే అన్నీ కలిసి దారికి ఊపిరాడనివ్వవు."

"మా సరంగులకన్నా బుద్ధున్న యంత్రం."

ఆ పిల్ల నవ్వింది. "వరసలు కట్టే పెట్టెలున్నాయి. నిండిపోయాక చేతులెత్తేస్తాయి. ముందే తిప్పే పెట్టెలున్నాయి. అవి పెద్ద గొంతుల్ని పోనిచ్చి చిన్న గొంతుల్ని నొక్కేస్తాయి. రెండు పద్ధతులూ ఒకే పెట్టెలో పెడితే ఒకదాని కాలు ఒకటి తొక్కుతోంది. మీరిద్దరూ మూడు రోజులు తొక్కుకోకుండా చేశారు. అది కావాలి నాకు."

"నన్నడిగితే నేను చెప్తానమ్మా. మా సింహాద్రి బావ నోరు తెరవాలంటే లాకు తలుపు తెరిచినంత పని."

"చెప్పక్కర్లేదు. చేస్తే చాలు. చేతికి ఏం తెలుసో చేతినే అడుగుతాం."

గట్టు మీద పాత బియ్యం గోదామే ఆ ప్రయోగశాల. లోపల నలభై అడుగుల తొట్టెలో కాలవ కట్టారు. మలుపుంది, లాకుంది, తలుపులున్నాయి. జానెడు కర్ర పడవలు వందల కొద్దీ చేయించారు. మా కుడి చేతులకి ఉల్లిపొర లాంటి తొడుగులు తొడిగారు. వేలు కదిలితే, కదలబోయి ఆగితే, అది కూడా పెట్టెకి తెలుస్తుందట. పెట్టె చూడ్డానికి బియ్యం కొలిచే కుంచంలా ఉండేది. రోజూ పొద్దున్న పడవెక్కి వెళ్ళి, మధ్యాహ్నం దాకా పిల్లల ఆటలా ఆ పడవల్ని నడిపి వచ్చేవాళ్ళం. ఒక్కో కర్ర పడవ ఒక్కో కబురు కింద లెక్క.

యాభయ్యో రోజు కాబోలు, మలుపు దగ్గర నేను గవ్వలు గుప్పిట్లోకి తీసుకునేసరికి, తొట్టె అడుగున పెట్టె నడిపే అయస్కాంతం కదిలి పడవ దానంతటదే వెనక్కి తిరిగింది. నా చెయ్యి నా కన్నా ముందు నడిచినట్టుంది.

తబిత తొట్టె అంచు పట్టుకుని చూస్తోంది. "చూశారా. పెట్టె మూడు వరసలూ కట్టుకుంది. ఏ వరస ఎంత నిండిందో చూసి, ఆ వరసకి వేరేగా గవ్వలు వేస్తోంది. నేనిది చెప్పలేదు."

నేనూ అలా ఎప్పుడూ చెయ్యలేదు, వాడూ చెయ్యలేదు. ఇద్దరి చేతులూ కలిసి మూడో చెయ్యి పుట్టింది. ఆ ఒక్క పూటా నాకు నూకరాజు మీద ఏమీ లేదు. మధ్యాహ్నం కట్టిచ్చిన చద్దన్నంలో వాడి ఆవకాయ కూడా వేసుకున్నాను.

మర్నాడు ఊళ్ళోంచి పెద్దమనుషులూ, పేపరువాళ్ళూ వచ్చారు. తబిత ఇద్దరి పేర్లూ చెప్పింది. చెప్పలేదని అనను. తర్వాత నూకరాజు మాట్లాడాడు. పాలపడవ సూరమ్మ పురిటి నొప్పులు పడుతూ తన వరసలోంచి ఎలా దాటిందో చెప్పాడు. వచ్చిన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నన్ను ఒకాయన అడిగాడు, మీరేం చేసేవారని. "తిప్పేవాణ్ణి" అన్నాను. ఆయన కలం ఎత్తకుండా కాసేపు చూసి వెళ్ళిపోయాడు. సూరమ్మ పడవకి గవ్వలు వేసింది నేనే. రెండే వెల్లకిలా పడ్డాయి. ఆ మాట ఎవరికి చెప్పాలి?

వారం తిరిగేసరికి దాని పేరు నూకరాజు పెట్టె అయింది. పేపర్లో అదే. రేవులో అదే. ఒకరోజు భోజనం దగ్గర మా ఆవిడ సత్తెమ్మ కూడా అంది.

"నూకరాజు పెట్టె మన లంకలోనే ముందు పెడతారంటగా?"

"ఎవరి పెట్టె?"

"నూకరాజన్నయ్య పెట్టె. అదేంటి, అన్నం వదిలేసేవు?"

"ఆకలి లేదు."

ఆ మధ్యాహ్నమంతా గవ్వలు ముందేసుకుని కూచున్నాను. వాడి గొంతు మంచిదైతే నా తప్పా. దేవుడు వాడికి నోరిచ్చాడు, నాకు బొటనవేలిచ్చాడు. వేలిని ఎవడు చూస్తాడు.

ఆఖరి రోజు తబిత తెర మీద నా చెయ్యి బొమ్మ చూపించింది. నూకరాజు పక్కనే తొడుగు విప్పుకుంటున్నాడు.

"సింహాద్రి తాతగారూ, చిన్న సందేహం. పడవని తిప్పిన ప్రతిసారీ మీ బొటనవేలు నడుం దగ్గరికి పోయి, మళ్ళీ ముందుకొచ్చి గాల్లో ఒకసారి నొక్కుతోంది. పెట్టె దాన్ని కూడా నేర్చుకుంటోంది, కానీ దేనికో తెలీక తికమక పడుతోంది. అది పనిలో భాగమా?"

ఆ కర్ర పడవల దగ్గర సున్నం లేదు. రెండు నెలలు సున్నం లేకుండానే నా వేలు బొట్లు పెడుతూ వచ్చిందన్నమాట. నాకే తెలీదు. తలెత్తి చూస్తే గోడకి పేపరు కాగితం అంటించి ఉంది. అందులో నూకరాజు చెయ్యి ఊపుతున్నాడు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. వాడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నా పేరు కోసం కింది దాకా వెతికాను.

"అలవాటమ్మా. తమలపాకుకి సున్నం రాసుకునే అలవాటు."

"అయితే తీసెయ్యనా?"

"తీసెయ్యి."

"ఇంకేమైనా ఉందా తాతగారూ, మీ పద్ధతిలో?"

"అంతే."

నూకరాజు తొడుగు సగం విప్పి ఆగిపోయాడు. ఇరవై ఏళ్ళు ఆ బొట్లున్న పడవల్ని లాకులోంచి దించినవాడు వాడే. నా వైపు చూశాడు. మాట్లాడాల్సిన చోట వాడు మాట్లాడకపోవడం నేను చూడ్డం అదే మొదలు. తబిత ఏదో నొక్కింది. తెర మీద నా వేలు కదలడం మానేసింది.

రేవుకి నడుస్తుంటే అన్నాడు: "నీది నువ్వే చెప్పుకోవాలి బావా. నేను చెప్తే అదీ నాదంటారు."

పడవలో అటు తిరిగి కూచున్నాను.

భాద్రపదంలో గోదారి వచ్చింది. లంకలో ఎత్తయిన మేడ నూకరాజుదే, అందుకని పెట్టె స్తంభం కూడా వాడి మేడ మీదే వేశారు. జనంలో సగం ముందురోజే గట్టుకి వచ్చేశాం, మిగతావాళ్ళు లంకలోని బడి భవనం ఎక్కారు. నూకరాజు రెండు చోట్లకీ వెళ్ళలేదు. భార్య పోయి ఆరేళ్ళయింది, వాడొక్కడే ఆ మేడలో ఉంటాడు.

"పెట్టె నా నెత్తి మీద ఉండగా నేనెక్కడికొస్తానెహె" అన్నాడు పడవ దగ్గర. "నువ్వెళ్ళు బావా. ఎవరో ఒకరు దీన్ని చూసుకోవాలిగా."

ఎవరో ఒకరట. నేను పడవెక్కేశాను.

గోదాములో తబిత పక్కన కుర్చీ వేశారు. పొద్దున్న తొమ్మిదికి నీళ్ళు లంక మీదకెక్కాయి. పదిన్నరకి తీగలన్నీ పోయి సన్నదారి ఒక్కటే మిగిలింది. లంకలో ప్రతి ఫోనూ, ప్రతి పట్టీ ఒక్కసారే అరిచాయి. జబ్బు వరసే అన్నిటికన్నా ముందు నిండింది, ఆ వరదలో లాగే. తెర మీద మూడు వరసలూ మూడు పచ్చ గీతల్లా కదులుతున్నాయి. నిండబోతాయి, తగ్గుతాయి, మళ్ళీ నిండబోతాయి. ఎక్కడా తెగలేదు. గీత తగ్గిన ప్రతిసారీ నాకు తెలుస్తోంది, ఎక్కడో గవ్వలు పడ్డాయని. బడి దగ్గరికి మూడు పడవలు వెళ్ళాయి. కాలు విరిగిన మనిషి వచ్చాడు, నెలల పిల్ల వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట.

"నూకరాజు పెట్టె లేకపోతే మా పని అయిపోయేదండీ."

పన్నెండింటికి ఎవరో టీ తెచ్చి, "ఆ మహానుభావుడు వచ్చాక దండ వెయ్యాలి" అన్నారు. నాకు టీ చేదుగా ఉంది. వాడు మేడ మీద కాలు మీద కాలేసుకుని కూచుని ఉంటాడు, వచ్చాక ఈ వరద కథ ఇంకో పదకొండేళ్ళు చెప్తాడు, చివర్లో 'మా బావ కూడా' అంటాడు, అని అనుకుంటున్నాను. అలా అనుకుంటూ మధ్యాహ్నమంతా గడిపాను.

మూడూ ముప్పై రెండుకి జబ్బు వరసలోంచి ఒక కబురు దిగింది. తబిత చదివి లేచి నిలబడింది.

"నూకరాజు తాతగారి నాడి పట్టీ."

పడవ వెళ్ళి వచ్చేసరికి అయిదు దాటింది. మేడ మెట్ల మీద, పెట్టెకి పది మెట్ల కింద పడి ఉన్నాడట. కుడి వైపు పడిపోయింది. మాట పోయింది. గట్టు మీది ఆసుపత్రిలో డాక్టరు తబితని అడిగాడు, ఎప్పుడు పడ్డాడని. తబిత చేతిలో కబుర్లన్నీ నమోదయ్యే పలక ఉంది. పట్టీ మొదటిసారి పిలిచింది పదకొండూ ఇరవైకి.

"పడ్డ నాలుగ్గంటల లోపు తెచ్చుంటే మాట నిలిచేదేమోనమ్మా" అన్నాడాయన. "ఇప్పుడు చెప్పలేం."

తబిత వరండాలో బల్ల మీద కూలబడింది. నేను పక్కన కూచున్నాను. పలక మీద లెక్క చూపించింది. పదకొండూ ఇరవైకి పెట్టె తిప్పేసింది. నాలుగు నిమిషాలాగి పిలిస్తే తిప్పేసింది. ఎనిమిది. పదహారు. ముప్పై రెండు. అరవై నాలుగు. ఆరుసార్లు తిప్పింది. నూట ఇరవై ఎనిమిది నిమిషాలాగాక ఏడోసారి పోనిచ్చింది.

"పెట్టెలో తప్పేం లేదు తాతగారూ. అన్నీ చూశాను. మిగతావాళ్ళవి ఒకసారి తిరిగాయి, రెండుసార్లు తిరిగాయి. ఈయనకే అలా పడ్డాయి. గవ్వలు అలా పడ్డాయి, అంతే."

'అంతే' అంది. నా మాటే.

"నలభై పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. రేపు పన్నెండింటికి మిగతా లంకలకి వెళ్ళాలి. పంపకపోతే వాళ్ళకి ఏమీ ఉండదు. పంపితే ఇంకెవరికో ఇలా పడుతుంది. ఏం చెయ్యమంటారు?"

సున్నపుకాయ నడుం దగ్గర రాయిలా తగులుతోంది. లేచి లోపలికెళ్ళాను.

మాట పడిపోయి మంచం మీద ఉన్నా వాడి చుట్టూ పదిహేను మంది. ఒకామె కాళ్ళు పడుతోంది. ఒకాయన కొబ్బరి బొండాం పట్టుకుని నిలబడ్డాడు. కాలు విరిగిన మనిషి కూడా కుంటుకుంటూ వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాడు. నిజం చెప్తున్నాను. అది చూసినా నాకు కుళ్ళే కలిగింది. నేను పడితే ఎంతమంది వస్తారని లెక్కేసుకున్నాను.

నన్ను చూసి దారిచ్చారు. నూకరాజు మూతి ఒక పక్కకి జారిపోయింది. కళ్ళు మాత్రం వాడివే. ఇరవై ఏళ్ళు అర మైలు దూరం నుంచి నా చెయ్యి ఊపు చూసి పడవలు లెక్కపెట్టుకున్న కళ్ళు. నా మొహం చూశాడు, తర్వాత నా నడుం వైపు చూశాడు. ఎడమ చెయ్యి దుప్పట్లోంచి మెల్లగా బయటికొచ్చింది. బొటనవేలు తన నడుం దగ్గరికి పోయింది. ముందుకొచ్చింది. గాల్లో ఒకసారి నొక్కింది.

"ఏదో అడుగుతున్నాడు" అన్నాడు బొండాం మనిషి. "సున్నమా? తమలపాకు కావాలా బాబాయ్?"

నూకరాజు కళ్ళు నా మీంచి కదల్లేదు. మాట పోయి కాదు వాడు ఆగింది. మాటున్నప్పుడూ ఆగాడు. నాది నాకే వదిలేశాడు.

"నాకు తెలుసు" అన్నాను. వాడి చెయ్యి దుప్పట్లో పెట్టి ఇంటికొచ్చేశాను. ఇల్లంటే గట్టు మీది బడిలో మాకిచ్చిన ఒక మూల.

మర్నాడు పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, సున్నపుకాయలో సున్నం ఎండిపోతే నీళ్ళు పోసి మెదిపి, గోదాముకి నడిచాను. నలభై పెట్టెలూ గడ్డి చుట్టి గుమ్మం దగ్గర పేర్చి ఉన్నాయి. తబిత తొట్టె పక్కన నేల మీదే కూచుని ఉంది.

"వేలు సంగతి అబద్ధం చెప్పానమ్మా" అన్నాను. "తిప్పిన పడవకి బొట్టు పెట్టేవాణ్ణి. బొట్టున్నదాన్ని మళ్ళీ తిప్పను."

ఆ పిల్ల తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క గుర్తు. ఒక్క గుర్తుంటే ఆయన ఒంటిగంటకల్లా గట్టు మీదుండేవారు. ఎందుకు చెప్పలేదు తాతగారూ?"

"కుళ్ళు" అన్నాను.

పొమ్మంటుందనుకున్నాను. లేచి వెళ్ళి గుమ్మం దగ్గర మనుషులతో, పడవల్ని సాయంత్రం దాకా ఆపమని చెప్పి వచ్చింది. బీరువాలోంచి తొడుగు తీసింది. నేను చెయ్యి చాచాను. తొడిగేటప్పుడు ఆమె నా మొహం చూడలేదు.

తొట్టెలో నీళ్ళు వదిలారు. మలుపు దగ్గర నిలబడి గవ్వలు వేశాను. మూడు వెల్లకిలా పడ్డాయి. జానెడు పడవని వెనక్కి తిప్పి, సున్నపుకాయ మూత తీసి, తొడుగు మీదుగానే దాని ముక్కు మీద బొట్టు పెట్టాను.